కోనసీమ: భారత విదేశాంగ, భద్రతా విధానాల్లో ఒక డెల్టా

గోదావరి డెల్టాలో గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రం దాకా పరుచుకున్న లంకల నేల కోనసీమ. వైనతేయ పాయ దీన్ని మళ్ళీ రెండుగా చీలుస్తుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇక్కడి ముఖ్య పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుంచి విడదీసి దీన్ని అమలాపురం కేంద్రంగా జిల్లాగా ఏర్పరిచారు. ప్రస్తుత నామం డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. కొబ్బరి తోటలు, కాలువలు, వరిచేలు ఈ ప్రాంతానికి పేరు తెచ్చాయి. ఢిల్లీలో తీసుకునే విదేశాంగ, రక్షణ నిర్ణయాల ఫలితాలు దేశంలో అతి త్వరగా తాకే గ్రామీణ ప్రాంతాల్లో ఇదొకటన్న సంగతికి మాత్రం అంత ప్రచారం లేదు.

ప్రపంచాన్ని తన మాట మీద నడిపించే బలం లేకపోయినా, పెద్ద దేశాలు చెప్పిన ప్రతిదానికీ తలూపాల్సిన అవసరం లేని దేశాలను మధ్యస్థాయి శక్తులంటారు. కెనడా, ఆస్ట్రేలియా, తుర్కియే, బ్రెజిల్, ఇండోనేషియాలను సాధారణంగా ఈ వరుసలో చెబుతారు. భారత్‌ను ఇందులో చేర్చడం కొందరికి నచ్చదు. జనాభా, అణ్వాయుధాలు, ఆర్థిక పరిమాణం చూస్తే ఈ గీత దాటిన దేశమే. కానీ భద్రతామండలిలో శాశ్వత స్థానం లేదు, వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి, ఆయుధాలకు ఇప్పటికీ రష్యా, ఫ్రాన్స్, అమెరికా, ఇజ్రాయెల్ కావాలి. ఇవి చూస్తే గీతకు ఇవతలే ఉంది. ఇలాంటి దేశానికి ఎవరితో స్నేహం చేయాలన్నది చిన్న ప్రశ్న. ఎవరి మీద ఎంత ఆధారపడాలి, ఆ ఆధారం తెగిన రోజున నష్టం ఎవరి ఇంటికి చేరుతుంది అన్నవి పెద్ద ప్రశ్నలు. కోనసీమ చరిత్ర ముఖ్యంగా రెండో ప్రశ్నకు జవాబు చెబుతుంది.

నిజాం ఎంపిక, సర్కారుల రాబడి

ఈ నేలకు ఆ అనుభవం భారత గణతంత్రం కంటే పాతది. 18వ శతాబ్దంలో దక్కన్‌లో మధ్యస్థాయి శక్తి హైదరాబాద్ నిజాం. ఒక వైపు మరాఠాలు, మరో వైపు సొంత కుటుంబంలో వారసత్వ తగాదాలు. గద్దె నిలుపుకోవడానికి సలాబత్ జంగ్ ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యాన్ని నమ్ముకున్నాడు. ఆ సైన్యం జీతాల కోసం 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు సర్కారులను ఫ్రెంచివారికి రాసిచ్చాడు. కోనసీమ రాజమహేంద్రవరం సర్కారులో భాగం. హైదరాబాద్ భద్రతకు గోదావరి రైతు శిస్తు కట్టాడన్నమాట.

1757లో బుస్సీ తీరం వెంట ఉన్న ఇంగ్లీషు కంపెనీ స్థావరాలను పట్టుకున్నాడు. వైనతేయం సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోని బెండమూర్లంక, యానాం పక్కనున్న ఇంజరం, నరసాపురం వద్ద మాధవాయపాలెం వాటిలో ఉన్నాయి. మరుసటి ఏడాది విజయనగరం పాలకుడు ఆనంద గజపతిరాజు ఇంగ్లీషువారిని పిలిచాడు. 1758 డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సేనను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పడిపోయింది. నిజాం వెంటనే పక్షం మార్చాడు. 1766 ఒప్పందంతో సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి స్థిరపడ్డాయి. 1798లో సైన్య సహకార ఒప్పందం మీద సంతకం చేసేసరికి నిజాంకు స్వతంత్ర విదేశాంగ విధానమే మిగల్లేదు. రక్షణను బయటివారికి అప్పగించిన రాజ్యం 45 ఏళ్లలో ఎక్కడికి చేరుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తెలుగువారికి దొరకదు.

యానాం

చందుర్తి తర్వాత ఫ్రాన్స్‌కు ఈ తీరంలో మిగిలిన ముక్క యానాం. గౌతమి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల నేల. యూరప్‌లో ఫ్రాన్స్, బ్రిటన్ తలపడినప్పుడల్లా ఇంగ్లీషువారు దీన్ని పట్టుకోవడం, అక్కడ సంధి కుదరగానే వదలడం జరిగేవి. నెపోలియన్ యుద్ధాల తర్వాతే అది ఫ్రాన్స్ చేతిలో నిలకడగా ఉంది. పరాయి సార్వభౌమత్వం పక్కనే ఉండటం ఇరుగుపొరుగుకు కొన్నిసార్లు కలిసొచ్చింది కూడా. 1929 నాటి శారదా చట్టం బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిషేధిస్తే, గోదావరి జిల్లాల పెద్దలు పిల్లల్ని తీసుకుని ఏరు దాటి యానాంలో పెళ్ళిళ్ళు చేశారు. చట్టాన్ని తప్పించుకోవడానికి అంతర్జాతీయ సరిహద్దును వాడుకోవడం మనవాళ్ళకు కొత్త కాదు.

1947 తర్వాత నెహ్రూ ప్రభుత్వం ముందు రెండు దారులున్నాయి. సైన్యాన్ని పంపడం, లేదా మాట్లాడుతూ ఓపిక పట్టడం. ఫ్రాన్స్ విషయంలో రెండోది, పోర్చుగల్ విషయంలో చివరికి మొదటిది అనుసరించారు. కారణం ఉంది. 1954లో ఫ్రాన్స్ ఇండోచైనాలో ఓడిపోతూ ఉంది, పుదుచ్చేరిని పట్టుకు వేలాడే స్థితిలో లేదు. పోర్చుగల్ నియంత సలాజార్ గోవాను వదలనన్నాడు. అందుకే 1961 డిసెంబరులో సైన్యం గోవాలోకి కదిలింది.

యానాంలో మాత్రం ఢిల్లీ ఓపికను స్థానికులు కొంత ముందుకు తోశారు. దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్ 13న కార్యకర్తలు పట్టణాన్ని స్వాధీనం చేసుకున్నారు. ఆ అక్టోబరు 18న కీళూరులో ఎన్నికైన ప్రతినిధుల ఓటింగు జరిగింది. 178 మందిలో 170 మంది విలీనానికి ఓటేశారు. నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం పొంది అది చట్టబద్ధం కావడానికి 1962 ఆగస్టు 16 దాకా పట్టింది. అదే ఏడాది 14వ రాజ్యాంగ సవరణతో ఈ ప్రాంతాలు కేంద్రపాలిత పుదుచ్చేరిగా రాజ్యాంగంలోకి వచ్చాయి. ఎనిమిదేళ్లు ఆగడం వల్ల భారత్ కోల్పోయింది పెద్దగా లేదు. పొందింది ఫ్రాన్స్ స్నేహం. 1998 అణుపరీక్షల తర్వాత భారత్‌పై ఆంక్షలకు ఫ్రాన్స్ కలిసిరాకపోవడాన్ని, మిరాజ్ నుంచి రఫేల్ దాకా సాగిన విమానాల కొనుగోళ్ళను ఆ పరిష్కారం నుంచి విడదీసి చూడటం కష్టం. అయితే యానాం ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లో లేదు. ఎదురుగా ఎదుర్లంక కోనసీమ, వంతెన దాటితే పుదుచ్చేరి.

అమలాపురం సభ్యుడు, లోక్‌సభ స్పీకరు

ఆ ఎదుర్లంక వంతెనకు పెట్టిన పేరు గంటి మోహనచంద్ర బాలయోగిది. 1951లో ఎదుర్లంకలోనే పుట్టి, అమలాపురం నుంచి తెలుగుదేశం అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికైన ఆయన 1998 మార్చిలో స్పీకరయ్యారు. ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు. బయటి నుంచి మద్దతిస్తున్న తెలుగుదేశం మంత్రి పదవులు అడగకుండా స్పీకరు కుర్చీ తీసుకుంది. ఆయన పదవిలో ఉన్న నాలుగేళ్లు భారత భద్రతా విధానం ఎన్నడూ లేనంత వేగంగా మలుపులు తిరిగిన కాలం. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్ పరీక్షలు జరిగాయి. అమెరికా, జపాన్ ఆంక్షలు విధించాయి, ప్రపంచ బ్యాంకు రుణాలు కొన్ని ఆగిపోయాయి. అదే వేసవిలో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్‌నిర్మాణ పథకానికి మాత్రం బ్యాంకు రుణం మంజూరైంది. ఆంక్షల గోడకు సందులుంటాయని అప్పుడు తేలింది.

1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస పరీక్ష జరిగింది. ఒడిశా ముఖ్యమంత్రి అయి కూడా లోక్‌సభ సభ్యత్వం వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటేయవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. స్పీకరు దాన్ని ఆయన విజ్ఞతకే వదిలేశారు. 269కి 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం కూలింది. మూడు వారాలు తిరక్కముందే కార్గిల్ కొండల మీద చొరబాటు బయటపడింది. లోక్‌సభ రద్దయిన దేశంలో, ఆపద్ధర్మ ప్రభుత్వం యుద్ధం నడిపింది. రాజ్యసభనైనా సమావేశపరచాలన్న ప్రతిపక్షాల కోరిక నెరవేరలేదు. వైమానిక దళం అధీన రేఖ దాటకూడదన్న నిర్ణయం ఆ ప్రభుత్వానిదే. ఆ నిగ్రహం వల్లే అమెరికా మొదటిసారి పాకిస్తాన్ మీద ఒత్తిడి తెచ్చి జులై 4న నవాజ్ షరీఫ్‌ను వెనక్కి తగ్గమంది. స్పీకరు నిర్ణయం సరైనదా కాదా అన్నది ఇప్పటికీ తెగని చర్చ. ఆయన పార్టీ అప్పుడు ప్రభుత్వానికి మద్దతిస్తోంది కాబట్టి, ఆ నిర్ణయంలో పక్షపాతం ఉందనడానికి మాత్రం తావు లేదు.

2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగినప్పుడూ స్పీకరు ఆయనే. ఆపరేషన్ పరాక్రమ్ కింద సైన్యం పది నెలలు సరిహద్దులో నిలబడింది. అది ముగియడం బాలయోగి చూడలేదు. 2002 మార్చి 3న కృష్ణా జిల్లా కైకలూరు ప్రాంతంలో హెలికాప్టరు కూలి మరణించారు.

నేల కింద గ్యాస్, ఖతార్ నుంచి గ్యాస్

కృష్ణా-గోదావరి బేసిన్‌లో నేల మీద తవ్వకాలకు కోనసీమే గుండెకాయ. రాజోలు, మామిడికుదురు, అమలాపురం పరిసరాల్లో ఓఎన్‌జీసీ రిగ్గులు పల్లె దృశ్యంలో భాగమై దశాబ్దాలయింది. 2001లో తాటిపాకలో ఏడాదికి 66 వేల టన్నుల చిన్న చమురు శుద్ధి కర్మాగారం మొదలైంది. దేశంలోని పెద్ద రిఫైనరీల పక్కన పెడితే అది లెక్కలోకి రాదు. ఎస్.యానాం వద్ద రవ్వ క్షేత్రం చమురు ఒడ్డుకు చేరుతుంది. ఓఎన్‌జీసీ కనుగొన్న ఆ క్షేత్రాన్ని 1994లో ప్రైవేటు, విదేశీ కంపెనీల భాగస్వామ్యానికి తెరిచారు. అది పి.వి. నరసింహారావు ప్రభుత్వ కాలం. విదేశీ మారకం కొరత చవిచూసి మూడేళ్లయిన దేశం తీసుకున్న నిర్ణయమది. ఓడలరేవు వద్ద ఓఎన్‌జీసీ టెర్మినల్ సముద్రగర్భ క్షేత్రాల గ్యాస్‌ను అందుకుంటుంది. గౌతమికి ఆవల గాడిమొగలో రిలయన్స్ కేజీ-డీ6 గ్యాస్ దిగుతుంది.

2002లో కనుగొన్న డీ6 నుంచి 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడాదికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. దేశం గ్యాస్ దిగుమతుల నుంచి బయటపడుతుందన్న ఆశ పుట్టింది. అంతే వేగంగా ఉత్పత్తి పడిపోయింది. దాన్ని నమ్ముకుని కొండపల్లి, వేమగిరి, జేగురుపాడుల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు గ్యాస్ లేక ఆగాయి. ఒక క్షేత్రం మీద వేసిన అంచనా తప్పడంతో భారత్ మళ్ళీ పశ్చిమాసియా వైపు తిరిగింది. వాడే గ్యాస్‌లో దాదాపు సగం దిగుమతే. అందులో పెద్ద వాటా ఖతార్ ద్రవీకృత వాయువుది. అది హోర్ముజ్ జలసంధి దాటి గుజరాత్‌లోని దహేజ్‌కు వస్తుంది.

ఇరాన్ నుంచి పాకిస్తాన్ మీదుగా గొట్టం వేసే ప్రతిపాదన కూడా ఒకప్పుడు గట్టిగానే నడిచింది. అమెరికాతో పౌర అణు ఒప్పందం కుదిరే క్రమంలో భారత్ దాని నుంచి తప్పుకుంది. 2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం మినహాయింపునిచ్చింది. ఆ మినహాయింపుతో రావాల్సిన అమెరికన్ రియాక్టర్లకు శ్రీకాకుళం తీరంలోని కొవ్వాడను కేటాయించారు. అక్కడ ఇప్పటికీ ఒక్క యూనిట్ కరెంటు పుట్టలేదు. గొట్టం పోయింది, రియాక్టరు రాలేదు.

స్వదేశీ ఇంధనం అనే మాటకు కోనసీమ చెల్లించిన మూల్యం వేరే ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో బ్లోఅవుట్ జరిగింది. మంట 65 రోజులు మండింది. విదేశీ నిపుణులు వచ్చి మార్చి 15న ఆర్పారు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గెయిల్ గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఇంధన భద్రత మీద ఢిల్లీలో వెలువడే పత్రాల్లో హోర్ముజ్ ప్రస్తావన తప్పకుండా ఉంటుంది. నగరం ప్రస్తావన కనిపించడం అరుదు.

చెరువులు, కొబ్బరి, బియ్యం

2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక కోనసీమ తీర మండలాల్లో చేలు చెరువులయ్యాయి. దేశంలో పండే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. 2024-25లో భారత్ 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసి రూ. 62,408 కోట్లు ఆర్జించింది. అందులో అమెరికా వాటా 270 కోట్ల డాలర్లకు పైనే. అంటే కాట్రేనికోనలో చెరువు గట్టున కౌంట్ రేటు చెప్పే వ్యాపారికి వాషింగ్టన్ వార్త తెలియక తప్పదు.

ఆ వార్త 2025 ఆగస్టులో వచ్చింది. 7వ తేదీ నుంచి 25 శాతం సుంకం, 27 నుంచి రష్యా చమురు కొంటున్నందుకు మరో 25 శాతం. పాత డంపింగ్ వ్యతిరేక, సబ్సిడీ వ్యతిరేక సుంకాలు కలిపితే రొయ్యల మీద 58 శాతం దాకా తేలింది. పోటీదారైన ఈక్వడార్‌కు అప్పుడు 15 శాతమే, పైగా ఆ దేశం అమెరికాకు దగ్గర. చెరువు దగ్గర ధర వెంటనే తగ్గింది. రష్యా చమురు చౌకగా రావడం వల్ల లాభపడింది గుజరాత్ తీరంలోని రిఫైనరీలు, కొంత మేరకు దేశ ఖజానా. ఆ కొనుగోలుకు జరిమానా కట్టింది మాత్రం పట్టుబడికి వచ్చిన చెరువును ఆపుకోలేని రైతు. స్వతంత్ర విదేశాంగ విధానం తప్పని ఇక్కడ ఎవరూ అనడం లేదు. దాని ఖర్చును పంచే పద్ధతి దేశానికి లేదు. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకం చేసిన వాణిజ్య ఒప్పందంలో రొయ్యలకు సుంకం ఎత్తేశారు. అయితే ఒక్క బ్రిటన్ అమెరికా మార్కెట్‌కు బదులు కాలేదు.

అమెరికాతో రొయ్యల తగాదా కొత్తది కూడా కాదు. వలల్లో తాబేళ్ళు తప్పించుకునే ఏర్పాటు లేని దేశాల రొయ్యల్ని అమెరికా 1990ల్లో నిషేధించింది. దాని మీద ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్ళిన నాలుగు దేశాలు భారత్, మలేసియా, థాయిలాండ్, పాకిస్తాన్. 1998లో తీర్పు వచ్చింది. అదే ఏడాది అణుపరీక్షలు చేసుకున్న రెండు పొరుగుదేశాలు జెనీవాలో ఒకే బెంచీ మీద కూర్చోవడం దౌత్యంలో అరుదైన వినోదం. ఆ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాల్లో కోనసీమ కూడా ఒకటి.

కొబ్బరి కథ ఇంకో రకం. అంబాజీపేట మార్కెట్ ధర కేరళతో పాటు కౌలాలంపూర్, జకార్తాలను కూడా చూస్తుంది. వంటనూనెల్లో పామాయిల్‌దే పైచేయి మరి. ఆసియాన్‌తో సరుకుల ఒప్పందం 2010 జనవరిలో అమల్లోకి వచ్చాక ఆ ఒత్తిడి స్థిరపడింది. 2020 జనవరిలో కాశ్మీర్, పౌరసత్వ చట్టాల మీద మలేసియా ప్రధాని మహతీర్ వ్యాఖ్యల నేపథ్యంలో భారత్ శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతిని నియంత్రించింది. కొబ్బరి రైతు ఏళ్ళ తరబడి అడిగినా రాని రక్షణ, దౌత్య కోపంతో ఒక్క నోటిఫికేషన్‌లో వచ్చింది. అలా వచ్చింది అలాగే పోయింది కూడా. ముడి వంటనూనెల ప్రాథమిక సుంకాన్ని 2024 సెప్టెంబరులో 20 శాతానికి పెంచి, 2025 మే చివర 10కి తగ్గించారు.

బియ్యం విషయంలో దెబ్బ సొంత ప్రభుత్వం నుంచే. 2008లో బాస్మతీయేతర బియ్యం ఎగుమతిని నిషేధించి 2011 సెప్టెంబరు దాకా కొనసాగించారు. ఆ 2011 సార్వాకే కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి దేశం దృష్టిని ఆకర్షించారు. గిట్టుబాటు ధర, మురుగు కాలువలు, కూలీల కొరత లాంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. పరిశీలనకు మోహన్ కందా కమిటీ వేశారు. ధాన్యం గోదాముల్లో మగ్గడానికి ఎగుమతి నిషేధం కూడా ఒక కారణమే. 2023 జులై 20న మళ్ళీ నిషేధం వచ్చింది. ఈసారి కొన్ని మిత్రదేశాలకు ప్రభుత్వాల మధ్య ఒప్పందాలతో కొంత బియ్యం పంపారు. తిండిగింజలు దౌత్య సాధనం కావడం దేశానికి గౌరవం. ఆ సాధనాన్ని పండించిన రైతుకు ధర పడిపోవడం ఆ గౌరవంలో కనిపించని భాగం.

తీరం

కోనసీమ తీరంలో పెద్ద సైనిక స్థావరం లేదు. ఉత్తరాన కాకినాడ, ఇంకా పైన విశాఖ ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఆ రెండింటి మీదా బాంబులు వేశాయి. అమలాపురం ప్రాంతానికి యుద్ధం అంత దగ్గరగా మళ్ళీ రాలేదు. 1971 ఆగస్టు 9న కుదిరిన సోవియట్ ఒప్పందం వెనుకబలంగా ఉండగా, డిసెంబరు 3-4 రాత్రి విశాఖ వద్ద పాక్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. అప్పటి తూర్పు నౌకాదళంలో సోవియట్ సరుకు కూడా ఉంది. 2009లో విశాఖలో జలప్రవేశం చేసిన అణు జలాంతర్గామి అరిహంత్ నిర్మాణంలోనూ రష్యా సాయం ఉంది. 2019 నవంబరులో అదే విశాఖ, కాకినాడల్లో భారత్, అమెరికా త్రివిధ దళాలు టైగర్ ట్రయంఫ్ పేరిట తొలిసారి కలిసి విన్యాసాలు చేశాయి, కాకినాడ ఇసుకలో కలిసి దిగాయి. 2024, 2025లలోనూ జరిగాయి. వీటి ప్రకటిత లక్ష్యం విపత్తు సహాయం. 1996 నవంబరు 6 తుపానులో వెయ్యి మందికి పైగా కోల్పోయిన ప్రాంతానికి అది వట్టి సాకులా వినిపించదు. రష్యన్ జలాంతర్గామి పరిజ్ఞానం, అమెరికన్ సైనికులు ఒకే తీరంలో ఇమడటం భారత వ్యూహాత్మక స్వయంప్రతిపత్తికి అసలు రూపం. తుర్కియే ఇలాంటి పనే చేయబోయి, రష్యా ఎస్-400 క్షిపణులు కొన్నందుకు 2019లో ఎఫ్-35 విమానాల కార్యక్రమం నుంచి బహిష్కరణకు గురైంది. అవే క్షిపణులు కొన్న భారత్ మీద అమెరికా ఆంక్షలు పడలేదు. చైనాకు ఎదురు బరువుగా భారత్ ఎంత అవసరమో ఆ తేడా చెబుతుంది.

రంగం నుంచి గల్ఫ్ దాకా

కోనసీమకు విదేశాంగ విధానం అన్నిటికంటే ఎక్కువగా తాకేది మనుషుల రూపంలో. తాతల కాలంలో బతుకుతెరువంటే రంగం పోవడం. గోదావరి జిల్లాల కూలీలు కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూన్ వెళ్ళేవారు. బర్మాలో తెలుగువారందరికీ కోరంగీలన్న పేరే పడింది. 1942లో జపాన్ దండయాత్రతో లక్షల మంది భారతీయులు కాలినడకన అడవులు దాటి వచ్చారు. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చి, 1963-64లో దుకాణాలు, బ్యాంకులు జాతీయం చేశాక మిగిలినవారూ ఓడలెక్కారు. ఢిల్లీ గట్టిగా అభ్యంతరం చెప్పలేదు. చైనాతో యుద్ధం అప్పుడే ఓడిన దేశం బర్మాను కూడా దూరం చేసుకోదలచలేదు. వచ్చినవారికి విశాఖ వంటి చోట్ల కాలనీలు కట్టించి ఆ అధ్యాయం మూసేశారు.

1990 నాటికి పరిస్థితి మారింది. ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ చిక్కుకున్న భారతీయుల్లో గోదావరి, కడప జిల్లాలవారు చాలామంది. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి సద్దాం హుస్సేన్‌ను ఆలింగనం చేసుకున్న ఫోటో ప్రపంచమంతా విమర్శలు తెచ్చింది. ఆ ఆలింగనం సాయంతోనే సుమారు 1.7 లక్షల మంది అమ్మాన్ మీదుగా ఇంటికి చేరారు. ఎయిరిండియా 488 సార్లు ఎగిరింది. కొన్ని నెలలకే, 1991 జనవరిలో, చంద్రశేఖర్ ప్రభుత్వం అమెరికా సైనిక విమానాలకు ఇంధనం నింపుకోనిచ్చింది. కాంగ్రెస్ అభ్యంతరంతో ఫిబ్రవరిలో ఆపింది. చమురు ధర పెరిగి, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగి, ఆ ఏడాదే బంగారం తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఒకే సంక్షోభంలో రెండు పక్షాలతోనూ పనిపడిన ఆ ఆరు నెలలు మధ్యస్థాయి దేశపు ఇరకాటానికి పాఠ్యపుస్తకం లాంటివి. 2003లో ఇరాక్‌కు సైన్యం పంపమని అమెరికా అడిగితే జులై 14న వాజ్‌పేయి ప్రభుత్వం కాదన్నప్పుడు ఆ జ్ఞాపకం పనిచేసే ఉంటుంది.

కేరళ నుంచి గల్ఫ్‌కు వెళ్ళేవారిలో మగవారే ఎక్కువ. కోనసీమలో, పక్క పశ్చిమ గోదావరిలో ఆడవాళ్ళ వలస బలంగా ఉంటుంది. కువైట్, మస్కట్, దోహా ఇళ్ళలో వంట, పిల్లల పెంపకం, పాచిపని. ఇంటి నాలుగు గోడల మధ్య సాగే ఈ పనిని కార్మిక తనిఖీ అధికారి చూడడు. వీసా యజమాని చేతిలో, పాస్‌పోర్టూ తరచు అతని చేతిలోనే. ఇల్లు వదిలి పారిపోతే ఖల్లివెల్లి, అంటే చట్టం దృష్టిలో అక్రమ నివాసి, అయినట్టే, క్షమాభిక్ష ప్రకటించే దాకా దాక్కుని బతకాలి. కువైట్ 2018లోనూ 2024లోనూ అలాంటి క్షమాభిక్షలు ప్రకటించింది.

వీరి రక్షణకు భారత్ ప్రధానంగా వాడింది నిషేధాన్నే. పదో తరగతి పాసు కానివారికి వలస అనుమతి తప్పనిసరి, ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి కనీసం 30 ఏళ్లు ఉండాలి. నియమం కఠినమైన కొద్దీ ఏజెంటు విజిట్ వీసా మీద, మరో దేశం మీదుగా పంపే దారి వెతుకుతాడు. బేరం పెట్టిన సందర్భం కూడా ఒకటుంది. ఇంటిపనిమనిషిని తీసుకునే యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ చూపాలని భారత్ కువైట్‌ను కోరింది. కువైట్ ఒప్పుకోకపోగా వీసాలు ఆపింది, ఇతర దేశాల వారిని తెచ్చుకుంది. 2017లో ఆ నిబంధనను భారతే వెనక్కి తీసుకుంది. 2021 జూన్‌లో ఇంటిపని నియామకాల మీద ఇరుదేశాల అవగాహన పత్రం వచ్చింది. దీని పక్కన ఫిలిప్పీన్స్‌ను పెట్టి చూడాలి. 2018 ఫిబ్రవరిలో తమ పనిమనిషి శవం కువైట్ ఇంటి ఫ్రీజరులో దొరకగానే ఆ దేశం తమ కార్మికుల్ని పంపడం ఆపేసింది. మే 11 నాటికి పాస్‌పోర్టు పనిమనిషి దగ్గరే ఉండాలన్న హామీతో ఒప్పందం రాయించుకుంది. సైన్యం, ఆర్థికబలం, అంతర్జాతీయ హోదా ఏ కొలత తీసుకున్నా భారత్ కంటే చిన్న దేశమది. ఆ దేశానికి పనిమనుషులు విదేశాంగ విధానంలో మొదటి పేజీ.

2024 ఫిబ్రవరిలో ఇది ఇంకా స్పష్టంగా కనబడింది. 6వ తేదీన పెట్రోనెట్ సంస్థ ఖతార్ నుంచి ఏడాదికి 75 లక్షల టన్నుల గ్యాస్ కొనుగోలును 2028 నుంచి మరో 20 ఏళ్లకు పొడిగించుకుంది. 12న, అంతకు ముందు అక్కడ మరణశిక్ష పడిన ఎనిమిది మంది మాజీ నౌకాదళ సిబ్బంది విడుదలయ్యారు. వారిలో ఒకరు విశాఖవాసి. రెండిటికీ సంబంధం ఉందని ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. ఖతార్‌తో భారత్‌కు ఉన్న పలుకుబడి ఎంతదో మాత్రం ఆ వారం చూపించింది. దోహాలో జీతం బకాయి పడ్డ రాజోలు ఇంటిపనిమనిషి దాకా ఆ పలుకుబడి చేరే మార్గం ఇంకా ఏర్పడలేదు. విదేశాంగం కేంద్ర జాబితాలోది కాబట్టి రాష్ట్రం చేయగలిగింది తక్కువ. ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్టీ సొసైటీ ద్వారా మృతదేహాల తరలింపు, టిక్కెట్లు, రాయబార కార్యాలయాలకు ఉత్తరాలు. 2024 జూన్ 12న కువైట్ మంగాఫ్ అగ్నిప్రమాదంలో మరణించిన 45 మంది భారతీయుల్లో ముగ్గురు ఆంధ్రులు. వారి విషయంలోనూ జరిగింది అదే.

వలసలను నియంత్రించే చట్టం 1983 నాటిది. దాని స్థానంలో కొత్త చట్టం కోసం 2019, 2021, 2025 సంవత్సరాల్లో మూడు ముసాయిదాలు వెలువడ్డాయి. 2025 చివరికి ఏదీ పార్లమెంటు ఆమోదం పొందలేదు.